తిరునాళ్ళ పాము, బీచ్‌లో ఫోటోల చిలక: విడిపించాలంటే ముందు చోటు చూడాలి

కార్తీక పున్నమికి మైపాడు, కొత్తపట్నం తీరాలకు జనం సముద్ర స్నానాలకు పోతారు. శివరాత్రికి భైరవకోన, వైశాఖంలో పెంచలకోన, శనివారం వస్తే మాలకొండ. జనం చేరిన చోటికి బుట్టలో నాగుపాముతో ఒకరు, జానెడు పంజరంలో చిలకతో ఒకరు, మెడకు తాడు బిగించిన కోతితో ఒకరు రావడం మన నెల్లూరు, ప్రకాశం వైపు తాతలనాటి నుంచీ ఉన్నదే. దీనికి ఇప్పుడు ఫోటోల వ్యాపారం తోడైంది. భుజాన మకావ్ చిలుకనో, మెడలో కొండచిలువనో వేసి ఫోటోకింత అని తీసుకుంటారు. వచ్చినవాళ్ళ సరదాకు, అదృష్టానికి అంటూ తోటలో నక్షత్ర తాబేళ్ళు పెంచే విడిది గృహాలూ ఉన్నాయి.

చూసి బాధపడేవాళ్ళు చాలామందే ఉన్నారు. బాధపడి వెంటనే ఫోన్ తీసి, వీడియో ఫేస్‌బుక్‌లో పెట్టి, ఊరి పేరు కూడా రాసేస్తారు. దానివల్ల మొదట అప్రమత్తమయ్యేది జంతువును పట్టుకున్న మనిషే. తెల్లారేసరికి బుట్టా పంజరం సహా ఇంకో ఊరికి మారిపోతాడు. ఆ తర్వాత అటవీశాఖ వాళ్ళు వచ్చినా అక్కడ ఇసుక తప్ప ఏమీ ఉండదు.

ఏ జంతువును విడిపించాలన్నా మొదట తేల్చుకోవలసింది ఒకటే: ఇక్కడి నుంచి తీశాక ఇది ఎక్కడ ఉంటుంది? దీనికి జవాబు లేకుండా ఫిర్యాదు ఇస్తే, పట్టుబడిన చిలకలు అటవీశాఖ రేంజి ఆఫీసు వరండాలో అదే పంజరంలో ఉండిపోతాయి. పళ్ళు పీకిన పామును రోడ్డు పక్క పొదల్లో వదిలేస్తారు, అది ఆకలితో చస్తుంది. పట్టించినవాళ్ళు పుణ్యం చేశామనుకుంటారు, జంతువుకు మాత్రం చావే మిగులుతుంది. ప్రాణం మీదికి వచ్చిన జంతువు కనిపిస్తే సరే, ఆ క్షణమే ఫోన్ చేయాలి. మిగతా సందర్భాల్లో నాలుగు రోజులు ఆగి, దారి చూసుకుని, అప్పుడు ఫిర్యాదు ఇవ్వడం మేలు.

ముందు ఆ జంతువు ఏ రకానిదో తెలియాలి, ఎందుకంటే దాన్ని బట్టే చట్టం మారుతుంది. తీరంలో సవారీకి తిప్పే గుర్రం, ఒంటె పెంపుడు జంతువులు. వాటిని హింసిస్తే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం వర్తిస్తుంది కానీ అటవీశాఖ రాదు. వీటి గురించి రేంజర్‌కు ఫోన్ చేసి, రాలేదని కోప్పడితే లాభం లేదు. పశుసంవర్ధక శాఖకూ పోలీసులకూ చెప్పాలి. నాగుపాము, రామచిలుక, నక్షత్ర తాబేలు, నెమలి, జింక మన నేల మీద పుట్టిన వన్యప్రాణులు. వీటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. మకావ్, ఆఫ్రికన్ గ్రే చిలుక, ఇగువానా, బాల్ పైథాన్ విదేశీవి. ఇవి వన్యప్రాణుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ జాబితాల్లో ఉన్నాయి. 2022 సవరణ ఆ జాబితాలను మన చట్టంలో నాలుగో షెడ్యూలుగా చేర్చింది, సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్షన్ 49ఎం ప్రకారం ఇలాంటి జంతువు ఉన్నవాళ్ళు దాన్ని నమోదు చేయించుకోవాలి. నియమాలు 2024లో వచ్చాయి, నమోదు కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో జరుగుతుంది. కాబట్టి “ఇది ఫారిన్‌ది, దీనికి ఏ చట్టమూ లేదు” అని ఎవరైనా అంటే నమోదు పత్రం చూపించమని అధికారుల చేత అడిగించండి. ఆ మాట పాతకాలంలో చెల్లింది, ఇప్పుడు చెల్లదు.

వన్యప్రాణి చట్టంలో ప్రచారానికి పనికొచ్చే సెక్షన్లు కొన్నే. వాటిని బాగా తెలుసుకుంటే చాలు. సెక్షన్ 9 వేటను నిషేధిస్తుంది. వేట అంటే తుపాకీతో చంపడం ఒక్కటే అనుకుంటారు, చట్టం ఇచ్చిన అర్థంలో పట్టుకోవడం, వల వేయడం, ఉచ్చు పెట్టడం కూడా వేటే. సెక్షన్ 39 ప్రకారం అలా పట్టిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అది ఎవరి చేతికి ఏ దారిలో వచ్చినా 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కో, అటవీ అధికారికో తెలియజేయాలి. జాలిపడి రెండు చిలకలు కొని ఇంటికి తెచ్చుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి: చెప్పకుండా ఉంచుకుంటే వాళ్ళూ చట్టం తప్పినవాళ్ళే. అదీగాక మీరు రెండు కొంటే ఆ ఖాళీలోకి ఇంకో నాలుగు పిల్లలను తొర్రల్లోంచి తీస్తారు. కొని వదలడం అనేది ఎంత మంచి మనసుతో చేసినా వ్యాపారానికి పెట్టుబడే.

ఈ చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న ఒకటో షెడ్యూలు జంతువుల విషయంలో చేసే నేరాలకు 3 నుంచి 7 ఏళ్ళ జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. నక్షత్ర తాబేలు, నెమలి ఇందులోవే. మామూలు ఉల్లంఘనలకు 3 ఏళ్ళ దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. జంతుహింస చట్టంలో సెక్షన్ 11 కింద మొదటి నేరానికి 10 నుంచి 50 రూపాయల జరిమానా మాత్రమే. కాబట్టి వన్యప్రాణి చట్టం వర్తించే చోట దాన్ని ముందు పెట్టి, జంతుహింస చట్టాన్ని తోడుగా రాయాలి. ఎక్కువమంది తలకిందులుగా రాస్తారు, ఫిర్యాదు యాభై రూపాయలతో తేలిపోతుంది.

కోతిని ఆడించడం, ఎలుగును ఆడించడం విషయంలో సందేహమే అక్కర్లేదు. జంతుహింస చట్టం సెక్షన్ 22 కింద ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం ప్రదర్శనలను కేంద్రం 1998 అక్టోబరు 14 ప్రకటనతో నిషేధించింది. ఎద్దు 2011లో చేరింది. సర్కస్ సింహాలూ పులులూ తిరుపతి, విశాఖ జూల పక్కన కట్టిన రక్షణ కేంద్రాలకు చేరింది ఈ నిషేధం వల్లే. డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వొద్దని 2013లో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. తీరం వెంబడి ఎవరైనా అలాంటి ప్రతిపాదన తెస్తే ఆ ఆదేశం చూపించవచ్చు.

విడిది గృహం ప్రాంగణంలో షెడ్యూలు జంతువులను జనానికి చూపించడానికి ఉంచితే అది చట్టం దృష్టిలో జూ. కేంద్ర జూ ప్రాధికార సంస్థ గుర్తింపు లేకుండా జూ నడపకూడదని సెక్షన్ 38హెచ్ చెబుతుంది. గుర్తింపు ఉన్న జూల జాబితాను ఆ సంస్థ తన వెబ్‌సైట్‌లోనే పెడుతుంది. పేరు అందులో లేకపోతే సగం పని అయినట్టే.

ఇక ఒక్కొక్క జంతువు సంగతి. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి.

ముందు నాగుపాము. బుట్టలో ఉన్న పాముకు సాధారణంగా కోరలు పీకి ఉంటాయి. వెనక కొత్త కోరలు వరసలో సిద్ధంగా ఉంటాయి గనుక కొన్ని వారాల్లో మళ్ళీ వస్తాయి. వచ్చినప్పుడల్లా పీకుతారు. కొందరు విషగ్రంథి నాళాన్నే కోస్తారు లేదా కాలుస్తారు, ఇంకొందరు నాలుక ఆడేంత సందు వదిలి నోరు కుడతారు. పీకిన చోట చీము పట్టి, దవడ వాచి, నోటి మూలల్లో పసుపురంగు గడ్డ కనిపిస్తుంది. అలాంటి పాము ఎలుకను పట్టలేదు, మింగలేదు. నాగస్వరానికి అది ఆడుతోందని అనుకుంటాం. ఎదురుగా కదిలే బూరను చూసి, కాటుకు సిద్ధంగా పడగెత్తి, ఆ కదలికను వెంబడిస్తుంది, అంతే. నాగుల చవితికి పాలు తాగడం వెనక ఇంకా పెద్ద బాధ ఉంది. పాము పాలు అరిగించుకోలేదు. పండగకు ముందు వారాల తరబడి నీళ్ళు పెట్టకుండా ఎండబెడితే, దాహానికి ఏది పెట్టినా తాగుతుంది. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. పుట్టలో పాలు పోసే ఆచారాన్ని ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు, బుట్టలో పాముకు పోయవద్దని మాత్రం ప్రతి ఇంట్లో చెప్పాలి. చెబితే వింటారు, ఎందుకంటే చవితినాడు పూజ చేసే అమ్మకు పాము మీద ఉన్నది భక్తే.

పట్టుబడిన నాగుపామును వెంటనే వదలకూడదు. పశువైద్యుడు నోరు చూడాలి, కుట్లు విప్పాలి, చీముకు మందులు వాడాలి, ముందు నీళ్ళు పెట్టి తర్వాతే ఆహారం పెట్టాలి. వెన్ను మధ్యలో గీతలా పైకి లేచి, రెండు పక్కలా కండ దిగిపోయి ఉంటే చాలాకాలంగా ఏమీ తినలేదని అర్థం. దవడ ఎముక చెడకపోతే కోరలు తిరిగి వస్తాయి, కోసిన విషనాళం మాత్రం బాగుపడదు. తనంతట తాను బతికిన ఎలుకను పట్టి, మింగి, అరిగించుకున్నదని నమోదైన పామునే వదలాలి. మిగతావి రక్షణ కేంద్రంలోనే ఉండాలి. అన్నట్టు, పామును తీసేటప్పుడు ఉత్సాహం చూపించే స్థానిక కుర్రాళ్ళను దూరంగా ఉంచండి. పీకిన కోర వచ్చి ఉందో లేదో బయటికి తెలియదు.

చిలకకు వద్దాం. జోస్యం చిలకలూ బజారు చిలకలూ ఎక్కువగా ఎర్రముక్కు రామచిలుకలు. మగదానికి రెండు మూడేళ్ళ వయసులో మెడలో కంఠె వస్తుంది. భుజం మీద ఎర్రమచ్చ, పెద్ద ముక్కు ఉంటే అది పెద్ద రామచిలుక. మొండి తాడిచెట్ల, ఎండిన కొబ్బరి మానుల తొర్రల్లోంచి పిల్లలను తీస్తారు. చలికాలం చివర నుంచి ఎండలు ముదిరేదాకా వాటి గూళ్ళ కాలం, పిల్లలు బజారుకు వచ్చేదీ అప్పుడే. అందుకే చిలకల మీద నిఘా ఏడాది పొడవునా పెట్టలేకపోయినా ఆ నెలల్లో పెట్టాలి.

రెక్కలు కత్తిరించారో లేదో ఫోటోలో పట్టుకోవచ్చు. సహజమైన ఈక చివర గుండ్రంగా సన్నబడుతుంది, కత్తెర పడిన ఈక చివర సమంగా ఉంటుంది. కత్తిరించిన ఈక పెరగదు, ఈకలు రాల్చే కాలంలో ఆ మొదలు రాలిపోయాకే కొత్తది వస్తుంది, దానికి ఏడాది పట్టవచ్చు. పీకిన ఈక అయితే కొన్ని వారాల్లోనే మొలుస్తుంది. రెక్క చివరి ఎముకే కోసేస్తే ఇక జన్మలో ఎగరదు. ఈ తేడా తెలియక పంజరం తలుపు తీసి “ఎగిరిపో” అని కొబ్బరి తోటలో వదిలితే సాయంత్రానికి కుక్కకో పిల్లికో చిక్కుతుంది. అరికాళ్ళ కింద ఎర్రటి పుండ్లు ఉన్నాయేమో చూడండి. ఒకే మందంలో ఉన్న ఇనుప కడ్డీ మీద నెలల తరబడి నిలబడితే అవి వస్తాయి.

వదిలే ముందు చిలకలను కనీసం 20 అడుగుల పొడవైన వల గదిలో ఉంచడం మంచిది. ఈ చివర నుంచి ఆ చివరకు వరసగా ఎగిరి రొప్పకుండా ఉండాలి. మనిషి లోపలికి వస్తే భయపడి దూరంగా పోవాలి. జొన్న కంకి, జామకాయ, వేపపండు విడిగా పెట్టినా తినగలగాలి. ఒంటరిగా వదలకుండా అదే జాతి చిలకల గుంపుగా, సాయంత్రం అడవి చిలకలు చేరే చెట్లకు దగ్గరలో, తెల్లవారుజామున వదలాలి. రోహిణి కార్తె ఎండల్లో వద్దు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుఫాన్లు కనుక అప్పుడూ వద్దు. పిల్లగా ఉన్నప్పుడే చేతితో పెంచిన, మాటలు నేర్చిన చిలకను వదలకండి. అది ఆకలైతే మనిషి దగ్గరికే వస్తుంది, వచ్చిన మొదటి మనిషే మళ్ళీ పట్టుకుంటాడు. మకావ్, గ్రే చిలుకల్లాంటి విదేశీ పక్షులను ఎంత ఆరోగ్యంగా ఉన్నా మన అడవుల్లో వదలనే కూడదు.

నక్షత్ర తాబేలు విషయంలో ఒక్కటి ముందుగా: అది నీటి తాబేలు కాదు. దయతో చెరువులో వదిలితే మునిగి చస్తుంది. మెట్టనేలల్లో, గడ్డి ఉన్న చిట్టడవుల్లో బతికే జీవి. సైటీస్‌లో 2019లో దీన్ని అత్యున్నత రక్షణ ఉన్న మొదటి అనుబంధానికి చేర్చారు. ఇళ్ళలో అన్నం, పాలకూర, టమాటా పెట్టి పెంచినవాటికి డిప్ప గుట్టలు గుట్టలుగా పైకి లేస్తుంది. ముక్కు దగ్గర బుడగలు, కళ్ళ వాపు ఉంటే శ్వాసకోశ జబ్బు. అలాంటిదాన్ని అడవిలో వదిలితే అక్కడి తాబేళ్ళకూ అంటుకోవచ్చు. ఉదయగిరి, రాపూరు వైపు కొండల్లో ఈ జాతి ఉన్నది కదా అని అక్కడ వదిలేద్దామనుకోకండి. ఎక్కడి నుంచి తెచ్చిందో తెలియని తాబేలును వేరుగా ఉంచి, పరీక్షించి, అటవీశాఖ నిర్ణయించిన చోటే వదలాలి.

కోతికి మెడ తాడు చర్మంలోకి దిగిపోయి ఉంటుంది, కోరపళ్ళు పీకి ఉంటాయి. ఒంటరి కోతిని ఊరి బయట వదిలితే అక్కడి గుంపు కొరికి తరుముతుంది, లేదా అది జనం మీదికే తిండికి వస్తుంది. కొత్త గుంపు కట్టించగల కేంద్రమే దానికి దిక్కు.

ఇవన్నీ తెలిశాక ఆధారాలు సేకరించాలి. జంతువును చూపిస్తూ మొదలుపెట్టి చుట్టూ ఉన్న బోర్డు, గుడి గోపురం, దుకాణం దాకా కత్తిరించకుండా పది నిమిషాల వీడియో ఒకటి తీయండి. డబ్బు తీసుకోవడం అందులో పడాలి. ఫోటోల్లో తేదీ, సమయం, జీపీఎస్ ఉండేలా ఫోన్ సెట్టింగ్ పెట్టుకోండి. నీళ్ళ గిన్నె ఉందా అన్నది పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు చూడండి. ఎండలో ఎంతసేపు ఉంచారో గడియారం ప్రకారం రాసుకోండి. తల అదే పనిగా ఊపడం, ఒకే గీత మీద అటూ ఇటూ తిరగడం ఉంటే నిమిషాలు లెక్కపెట్టండి. బోను కొలతలు అడుగుల్లో రాయండి. వీడియోను వాట్సాప్‌లో పంపితే అసలు ఫైలు మారిపోతుంది. తీసిన ఫోన్‌లో అసలు ఫైలు అలాగే ఉంచి, పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రతి తీయండి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఇలాంటి ఆధారానికి ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తు) కూడా రాయాలి.

జంతువును మీరే లాక్కోవద్దు. తనిఖీ చేసే, స్వాధీనం చేసుకునే అధికారం సెక్షన్ 50 కింద అటవీ అధికారులకూ, ఎస్‌ఐ హోదాకు తగ్గని పోలీసు అధికారికీ ఉంది. మీరు లాక్కుంటే కేసు మీ మీదికి తిరుగుతుంది, జంతువూ చేజారుతుంది.

ఫిర్యాదు రాతపూర్వకంగా ఆ ప్రాంతపు రేంజి అధికారికి ఇచ్చి, ప్రతులు డివిజన్ అటవీ అధికారి డీఎఫ్‌ఓకూ పోలీస్ స్టేషన్‌కూ ఇవ్వండి. ప్రకాశం వైపు జాగ్రత్త అవసరం, మార్కాపురం, గిద్దలూరు అటవీ డివిజన్లు వేరువేరు. ఒక డివిజన్ కాగితం ఇంకో డివిజన్‌లో ఇస్తే వారం పోతుంది. ముఠా వ్యవహారంలా, వేరే రాష్ట్రం నుంచి తెచ్చినట్టు కనిపిస్తే వన్యప్రాణి నేర నియంత్రణ సంస్థకు కూడా రాయండి, దక్షిణ ప్రాంత కార్యాలయం చెన్నైలో ఉంది. కాగితం పొడుగ్గా ఉండనక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

“ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా చోట ఒక వ్యక్తి 6 రామచిలుకలను 1 అడుగు పొడవు, 1 అడుగు ఎత్తు పంజరంలో ఉంచి డబ్బు తీసుకుని ప్రదర్శిస్తున్నారు. నాలుగింటికి రెక్క ఈకలు కత్తిరించి ఉన్నాయి. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9, 39, 51 కిందికీ, జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11 కిందికీ వస్తుంది. పక్షులను స్వాధీనం చేసుకుని పశువైద్య పరీక్ష చేయించాలని, సెక్షన్ 50(3ఎ) కింద బాండు మీద తిరిగి అదే వ్యక్తికి అప్పగించవద్దని, రక్షణ కేంద్రానికి పంపాలని కోరుతున్నాం. వీడియో, 8 ఫోటోలు జతచేశాం.”

బాండు మాట ప్రత్యేకంగా ఎందుకు రాయాలంటే, స్వాధీనం చేసుకున్న జంతువును కోర్టు అడిగినప్పుడు హాజరుపరుస్తానని బాండు రాసిన వ్యక్తికి అప్పగించే అధికారం అటవీశాఖలో సహాయ సంరక్షణాధికారి (ఏసీఎఫ్) స్థాయి అధికారికి ఉంది. ఆ వ్యక్తి ఎవరన్నది చట్టం చెప్పలేదు. అడగకపోతే సాయంత్రానికి చిలకలు పాత పంజరంలోకే చేరవచ్చు. ప్రతి కాగితానికీ ముద్ర వేసిన రసీదు తీసుకోండి. అది ఇవ్వకపోతే రిజిస్టరు పోస్టులో పంపండి.

కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము మండల స్థాయిలో 5, ఆపై స్థాయిలో 10 రూపాయలు, గ్రామ స్థాయిలో లేదు. గడువు 30 రోజులు. ఎందుకు చర్య తీసుకోలేదని అడిగితే జవాబు రాదు, ఎందుకు అన్నది సమాచారం కిందికి రాదంటారు. నా ఫిర్యాదు ఏ తేదీన ఏ నంబరుతో నమోదైంది, తనిఖీ నివేదిక ప్రతి ఇవ్వండి, స్వాధీనమైన జంతువులు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయో తెలిపే రికార్డు ప్రతి ఇవ్వండి అని అడగండి. అప్పటికీ కాకపోతే సెక్షన్ 55 కింద 60 రోజుల నోటీసు ఇచ్చి పౌరుడే నేరుగా కోర్టులో ఫిర్యాదు వేయవచ్చు. ఆ నోటీసు మాత్రం న్యాయవాది చేత రాయించండి.

ఫిర్యాదుకు ముందు జరగాల్సిన పని గురించి మొదట్లో చెప్పాను. పశువైద్యుడు ఒకరు ఒప్పుకుని ఉండాలి. పశువులు, కుక్కలు చూసేవాళ్ళందరికీ పాములూ పక్షులూ అలవాటుండవు, కనుక ముందే అడగాలి. నెల్లూరుకు తిరుపతి జూ 130 కిలోమీటర్ల పైచిలుకు, ఒంగోలు నుంచి ఇంచుమించు అంతకు రెట్టింపు. అక్కడ చోటుందా, ఈ జాతిని తీసుకుంటారా అన్నది డీఎఫ్‌ఓ ద్వారా ముందే తెలుసుకోవాలి, తరలింపుకు అటవీశాఖ అనుమతి కాగితం ఉండాలి. వాహనం రాత్రిపూట బయలుదేరాలి. చిలకలకు గాలి రంధ్రాలు ఉన్న చీకటి అట్టపెట్టె చాలు, పంజరంలో పంపితే దారంతా కడ్డీలకు కొట్టుకుంటాయి. పాముకు గట్టిగా కుట్టిన నూలు సంచి, ఆ సంచి గాలాడే ప్లాస్టిక్ డబ్బాలో. తాబేళ్ళను ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. ప్రయాణానికి ముందు నీళ్ళు ఇవ్వాలి, బలవంతపు తిండి వద్దు.

కేసుల కన్నా ముందుచూపుతో అయ్యే పని ఎక్కువ. తిరునాళ్ళలో, సంతల్లో ఆశీలు (అంగళ్ళ చోటుకు రుసుము) వసూలును పంచాయతీ, దేవస్థానం వేలం వేస్తాయి. ఆ వేలం షరతుల్లో “వన్యప్రాణుల ప్రదర్శనకు చోటు ఇవ్వరాదు, ఇస్తే కాంట్రాక్టు రద్దు” అని ఒక్క వాక్యం చేర్పించండి. అప్పుడు పాముల బుట్టను గేటు దగ్గర ఆపేది మీరు కాదు, ఆశీలు పాడుకున్న కాంట్రాక్టరే. దీనికోసం దేవస్థానం ఈవోకు, పంచాయతీ కార్యదర్శికి, సర్పంచ్‌కు ఉత్సవానికి నెలన్నర ముందే అర్జీ ఇవ్వాలి. వేలం అయిపోయాక షరతు చేర్చమంటే చేర్చరు. కార్తీక వనభోజనాలకూ విహారయాత్రలకూ పిల్లలను తీసుకెళ్ళే బడులకు అక్టోబరులోనే ఉత్తరం రాయండి. కనుమ నాడు తీరాలు కిక్కిరిసిపోతాయి, డిసెంబరు రెండో వారానికల్లా తీరప్రాంత పంచాయతీలకు కాగితం చేరాలి. బోర్డు పెడితే మూడే మాటలు: పాముతో ఫోటో నేరం.

పామును పట్టుకున్న మనిషిని దొంగలా చూపే ప్రచారంలో మేం లేము. ఎక్కువగా సంచార కులాల వాళ్ళు, భూమి లేదు, ఊరు లేదు, రేషన్ కార్డు కూడా ఉండకపోవచ్చు. పాము పోతే ఆ పూట కూడు పోతుంది, వారంలో ఇంకో పామును పడతారు. ఎలుగుబంట్లను ఆడించే కలందర్ల విషయంలో ఒక్కో కుటుంబానికి వేరే పనికి పెట్టుబడి, పిల్లలకు చదువు చూపించినందుకే 600కు పైగా ఎలుగులు బయటికి వచ్చాయి, 2009 నాటికి ఆ ఆట దాదాపు ఆగిపోయింది. తమిళనాడులో ఇరుళర్ గిరిజనులు 1978లో సహకార సంఘం పెట్టుకుని, లైసెన్సుతో పాములు పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదులుతున్నారు. పాముకాటు మందుకు ఆ విషమే ఆధారం. మన దగ్గర ఫిర్యాదు కాగితం రాసే రోజునే, ఆ కుటుంబం పేరున గుర్తింపు పత్రాలకూ, ఉపాధి పనికీ మండల కార్యాలయంలో ఇంకో అర్జీ రాయండి. స్వచ్ఛందంగా అప్పగిస్తే అంత ఘర్షణ ఉండదు. అధికారులతో ముందే మాట్లాడి, ఆ మనిషిని మీరే వెంటబెట్టుకుని వెళ్ళండి.

జంతువు కేంద్రానికి చేరాక పదిహేనో రోజున, మూడో నెలలో, ఏడాదికి ఒకసారి దాని స్థితి అడిగి రాసిపెట్టుకోండి. కోర్టు వాయిదాల తేదీలు కూడా అదే పుస్తకంలో రాయండి, సాక్షి హాజరు కాకపోతే కేసు కొట్టేస్తారు. వచ్చే నాగుల చవితికి అదే గుడి ముందుకు, అదే గంటకు వెళ్ళి చూడండి.